నాలోక్సోన్ ఇచ్చాక మళ్ళీ మగత ఎందుకు?

ప్రశ్న: నెమ్మదిగా కరిగే మార్ఫిన్ మాత్రలు ఎక్కువై ఊపిరి మందగించిన రోగికి విరుగుడు మందు నాలోక్సోన్ ఇస్తే, రెండు నిమిషాల్లో లేచి మాట్లాడాడు. గంట తిరిగేసరికి మళ్ళీ మగత. మందు పనిచేయనట్టేనా? రెండూ ఒకే రిసెప్టర్‌కు అతుక్కుంటే ఒకటి ఊపిరి తగ్గించడమేమిటి, ఇంకోటి తెప్పించడమేమిటి?
- ఒక నర్సింగ్ విద్యార్థిని

జవాబు: ముందు రెండో సంగతి చూద్దాం, మొదటిదానికి జవాబు అందులోనే ఉంది. ఈ రెండు మందులూ అతుక్కునే మ్యూ రిసెప్టర్ కణపు పొరను ఏడుసార్లు దాటే ప్రొటీన్. దాని గుంటలో, పొరను దాటే మూడో మెలిక (హెలిక్స్) మీద, నెగటివ్ చార్జి ఉన్న ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. మార్ఫిన్‌లోని నైట్రోజన్ ఒంట్లో పాజిటివ్ చార్జితో ఉంటుంది కాబట్టి ఆ రెండూ పట్టుకుంటాయి. నాలోక్సోన్‌దీ అదే పట్టు. అసలు తేడా ఆ నైట్రోజన్‌కు తగిలిన గుంపులో ఉంది: మార్ఫిన్‌కు మిథైల్, నాలోక్సోన్‌కు మూడు కార్బన్ల అల్లైల్. మార్ఫిన్ కూర్చుంటే ఆరో హెలిక్స్ లోపలి కొస పక్కకు జరిగి కణం లోపల సంకేతం అందించే జీ ప్రొటీన్‌కు చోటిస్తుంది. దాంతో పొటాషియం చానెళ్ళు తెరుచుకుంటాయి, కాల్షియం చానెళ్ళు మూసుకుంటాయి, ఊపిరి లయను నడిపే న్యూరాన్లు మందగిస్తాయి. నాలోక్సోన్ కూర్చున్నా హెలిక్స్ అలా జరగదు. అతుక్కోవడం వేరు, పనిచేయించడం వేరు.

నాలోక్సోన్ మార్ఫిన్‌ను తోసేస్తుందని చాలామంది అంటారు, అది సరికాదు. మార్ఫిన్ తనంతట తానే లేస్తూ, మళ్ళీ కూర్చుంటూ ఉంటుంది. అది లేచినప్పుడు ఆ చోటు నాలోక్సోన్ ఆక్రమిస్తుంది, అంతే. రక్తంలో నాలోక్సోన్ సగానికి తగ్గడానికి 30 నుంచి 80 నిమిషాలు చాలు. ఆ మాత్ర మాత్రం 12 గంటల దాకా మార్ఫిన్‌ను వదులుతూనే ఉంటుంది. అందుకే మగత తిరిగొచ్చింది.

ఇలాంటి కేసులో ఒక్క ఇంజెక్షన్‌తో ఊరుకోకూడదు. ఊపిరి తెప్పించిన మోతాదులో మూడింట రెండొంతులు గంటకు పడేలా డ్రిప్ మొదలుపెడతారు, శ్వాసను బట్టి సవరిస్తారు. రోగి లేచి మాట్లాడాలన్నది లక్ష్యం కాదు, ఊపిరి సరిగా ఆడితే చాలు. ఓపియాయిడ్లకు (మార్ఫిన్ లాంటి మందులకు) అలవాటుపడ్డవారికి 0.04 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి పెంచడం మంచిది. ఒక్కసారిగా ఎక్కువ ఇస్తే విత్‌డ్రాయల్ (అలవాటైన మందు ప్రభావం ఒక్కసారిగా ఆగితే వచ్చే బాధలు) ముంచుకొస్తుంది. దాంతో మగతలో ఉన్నప్పుడే వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

బ్యూప్రెనార్ఫిన్ అనే మరో ఓపియాయిడ్ దగ్గర లెక్క మారుతుంది. అది రిసెప్టర్ వదిలి లేవడమే చాలా నెమ్మది, అందుకే నాలోక్సోన్ మామూలు మోతాదుకు లొంగకపోవచ్చు. మోతాదు పెంచాల్సి రావచ్చు, ఫలితానికీ ఆలస్యమవుతుంది. ఆలోగా అంబు బ్యాగ్‌తో (చేత్తో నొక్కి గాలి పంపే సంచితో) శ్వాస అందించాలి.