57 ఏళ్ళకి కారు నేర్చుకుంటున్నా, టెస్ట్‌కి వెళ్తే చేతులు వణుకుతున్నాయి.. వయసు వల్లేనా డాక్టర్ గారూ?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. నా వయసు 57. ఇన్నేళ్ళూ మావారే కారు నడిపేవారు, ఈ మధ్య ఆయనకి చూపు తగ్గి మానేశారు, అందుకని నేను నేర్చుకోవడం మొదలుపెట్టాను. క్లాసుల్లో ఫర్వాలేదు గానీ టెస్ట్ అనేసరికి చేతులు వణుకు, చెమటలు, గుండెదడ, బుర్ర పనిచెయ్యదు. రెండుసార్లు ఫెయిలయ్యాను. రెండుసార్లూ పొద్దున టెన్షన్‌తో ఏమీ తినలేకపోయాను, మాత్రలు మాత్రం వేసుకుని వెళ్ళాను. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో ఎంత చేసినా కాలికి తెలియట్లేదు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర చాలా ఏళ్ళుగా వాడుతున్నా, బీపీకి ఇంకోటి. మెడనొప్పి ఉంది, ప్రోగ్రెసివ్ అద్దాలు పెట్టుకుంటాను. మూడోసారి వెళ్ళేముందు టెన్షన్ తగ్గడానికి అల్‌ప్రాజోలామ్ సగం మాత్ర వేసుకోమని తెలిసినావిడ చెప్పారు, వేసుకోవచ్చా? పిల్లలేమో ఈ వయసులో ఎందుకమ్మా, మానెయ్ అంటున్నారు. ఇదంతా వయసు వల్లేనా? పాసైతే రాత్రిళ్ళు నడపొచ్చా?

సలహా: అల్‌ప్రాజోలామ్ మాత్రం వేసుకోకండమ్మా. సగం వద్దు, పావు కూడా వద్దు. దడ తగ్గిస్తుంది నిజమే, కానీ దాంతోపాటే మత్తు వస్తుంది, బ్రేక్ మీదకి కాలు వెళ్ళడం ఆలస్యమవుతుంది, పైగా అది వేసుకున్నాక కొత్తగా నేర్చుకున్నదాన్ని మెదడులో నిలవనివ్వదు. 60 కిలోమీటర్ల స్పీడులో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు వెళ్తుంది, అర సెకను లేటయితే 8 మీటర్లు ముందుకెళ్ళిపోయినట్టే. ఇంకెవరైనా ప్రొప్రనొలాల్ అనే గుండెదడ మందు వేసుకో, వణుకు తగ్గిపోతుంది అని చెప్తారేమో, అది కూడా మీ అంతట మీరు వేసుకోవద్దు. షుగర్ పడిపోతున్నప్పుడు ఒళ్ళు మనకిచ్చే హెచ్చరికలే దడ, వణుకు. వాటిని ఆ మందు కప్పేస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ ప్రశ్న మొత్తంలో నాకు గట్టిగా తగిలింది ఒక్క మాటే, పొద్దున ఏమీ తినలేదు గానీ మాత్రలు వేసుకున్నాను అన్నారు చూడండి, అది. గ్లిమెపిరైడ్ అనేది తిన్నా తినకపోయినా ప్యాంక్రియాస్ చేత ఇన్సులిన్ విడుదల చేయించే మందు. అందుకే దాన్ని టిఫిన్‌తో పాటు వేసుకోమంటాం. ఖాళీ కడుపున వేసుకుని, టెన్షన్‌తో క్యూలో నిలబడి, ఎప్పుడు పిలుస్తారో అని ఎండలో ఎదురుచూస్తే షుగర్ పడిపోయే అవకాశం బాగా ఉంది. అలా పడిపోయినప్పుడు ఏమవుతుందో తెలుసా, చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, గుండె దడదడలాడుతుంది, బుర్ర పనిచెయ్యదు. మీరు భయం అని రాసిన లక్షణాలన్నీ ఇవే కదా. మీది భయం కాదు అనట్లేదు, భయం కూడా ఉండే ఉంటుంది, కానీ ఈ రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి, గ్లూకోమీటర్‌తో చూస్తే తప్ప ఏది ఏదో మీకే కాదు నాకూ తెలియదు. క్లాసుల్లో బాగానే నడిపి టెస్ట్ రోజే ఇలా అవుతోందంటే, క్లాసుకి వెళ్ళే రోజుల్లో మీరు తినే వెళ్తున్నారా లేదా అన్నది ఒకసారి ఆలోచించుకోండి.

అందుకని ఇప్పట్నుంచి బండి ఎక్కేముందు ప్రతిసారీ వేలు గుచ్చుకుని చూసుకోండి, ఆ నంబర్ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. 70 కంటే తక్కువుంటే అది లో షుగర్, స్టీరింగ్ ముట్టుకోవద్దు. 90 దాటితేనే స్టార్ట్ చెయ్యండి, బ్రిటన్‌లో ఇన్సులిన్ వాడే డ్రైవర్లకి చెప్పే లెక్క కూడా దాదాపు ఇదే, మీరు ఇన్సులిన్ మీద లేకపోయినా గ్లిమెపిరైడ్ ఉంది కాబట్టి అదే పాటించమంటాను. నడుపుతుండగా తేడాగా అనిపిస్తే పక్కకి తీసి ఆపేసి, ఇంజిన్ ఆఫ్ చేసి, 15 గ్రాముల గ్లూకోజ్ నోట్లో వేసుకోండి, గ్లూకోజ్ లేకపోతే మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగండి. 15 నిమిషాలాగి మళ్ళీ చూసుకోండి, తక్కువే ఉంటే ఇంకోసారి తీసుకోండి. నంబర్ నార్మల్‌కి వచ్చేసింది కదా అని వెంటనే బయల్దేరొద్దు, మెదడు పూర్తిగా తేరుకోవడానికి టైం కావాలి, కనీసం 45 నిమిషాలు ఆగాలి. మరీ ముఖ్యంగా ఇది చదివి మాత్ర మీరే మానెయ్యకండి. రాసుకున్న రీడింగ్స్ తీసుకెళ్ళి మీ డాక్టర్‌కి చూపించండి, షుగర్ అంతగా పడగొట్టని మందులు ఇప్పుడు వేరే ఉన్నాయి, మార్చాలా వద్దా అనేది వాళ్ళు చెప్తారు. అలాగే దడ మెట్లెక్కినప్పుడు కూడా వస్తున్నా, ఆయాసం ఉన్నా, ఛాతీలో బరువుగా ఉన్నా అది టెస్ట్ టెన్షన్ అనుకుని ఊరుకోకండి, బీపీ షుగర్ రెండూ ఉన్నాయి కాబట్టి ఈసీజీ తీయించుకోవాలి.

రెండోది క్లచ్. ఎక్కడ పట్టుకుంటుందో కాలికి తెలియట్లేదు అన్నారు. నేర్పేవాళ్ళు ప్రాక్టీస్ చాలలేదు అంటారు, అదీ కావచ్చు, కానీ చాలా ఏళ్ళుగా షుగర్ ఉన్నవాళ్ళు ఈ మాట అంటే నేను ముందు పాదాలు చూస్తాను. షుగర్ వల్ల పాదాల్లో నరాలు దెబ్బతిని స్పర్శ మెల్లమెల్లగా తగ్గిపోతుంది, నొప్పి లేకుండా తగ్గితే మనకి తెలియనే తెలియదు. ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. మీరు సాక్స్ తీసేసి పడుకుని కళ్ళు మూసుకోండి. ఇంట్లో ఎవరైనా చూపుడువేలి కొసతో మీ కాలి బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసల్ని ఒక్కొక్కదాన్ని ఒకటి రెండు సెకన్లు అలా తాకాలి, నొక్కకూడదు, గీరకూడదు. రెండు కాళ్ళకీ కలిపి ఆరు చోట్లు. తాకినట్టు తెలిసినప్పుడల్లా మీరు కుడి అనో ఎడమ అనో చెప్పాలి. ఆరింట్లో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తప్పిపోతే స్పర్శ తగ్గిందనే అనుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, వాళ్ళు సన్నటి నైలాన్ దారంతో, ట్యూనింగ్ ఫోర్క్‌తో ఇంకా సరిగ్గా చూస్తారు. ఇంకో మాట, మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో బీ12 తగ్గిపోతుంది, దానివల్ల కూడా ఇలాగే తిమ్మిర్లు, మొద్దుబారడం వస్తాయి, అది ఒక రక్తపరీక్షతో తేలిపోతుంది, తక్కువుంటే ఇంజెక్షన్లు గానీ మాత్రలు గానీ ఇస్తారు. ఆటోమేటిక్ కారు కొనేస్తే క్లచ్ గొడవే ఉండదు కదా అని చాలామంది అంటారు, పాదాల స్పర్శ బాగుండి మోకాలు నొప్పులో ఏవో ఉంటే అది మంచి దారే, నేను వద్దనను. కానీ స్పర్శే తగ్గితే ఆటోమేటిక్ కూడా జాగ్రత్తే, ఎందుకంటే కాలు బ్రేక్ మీద ఉందో యాక్సిలరేటర్ మీద ఉందో తెలియకపోవడం క్లచ్ తెలియకపోవడం కంటే ప్రమాదం. అందుకని పాదాల పరీక్ష అయ్యాకే మూడో టెస్ట్‌కి డేట్ తీసుకోండి.

స్పర్శ బాగానే ఉందని తేలితే అప్పుడు సీటు సంగతి చూడాలి. మీవారికి అలవాటైన సీటు పొజిషన్‌లోనే మీరూ కూర్చుంటున్నారేమో చూడండి. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కాస్త వంగే ఉండాలి, నిటారుగా సాగిపోకూడదు, భుజాలు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద ఆనాలి. క్లచ్ మెల్లగా వదిలేటప్పుడు మడమ నేలకి ఆనించుకోండి, కాలు మొత్తం గాల్లో పెట్టి వదులుతుంటే కండరాలు అలిసిపోయి వణుకు మొదలవుతుంది, దాన్ని చూసి ఇంకా భయం వేస్తుంది. చెప్పులతో నడపొద్దు, పల్చటి గట్టి అడుగు ఉన్న బూట్లు వేసుకుంటే పెడల్ బాగా తెలుస్తుంది.

మెడ గురించి ఎక్కువ చెప్పను. వెనక్కి, పక్కకి చూడాల్సిన చోట మెడ తిరగక కారు అద్దాల్తోనే సరిపెట్టేస్తుంటే టెస్ట్ చేసేవాళ్ళు చూడలేదనే రాసుకుంటారు, అసలు రోడ్డు మీద అయితే అది ఇంకా పెద్ద తప్పు. రోజూ రెండుపూట్లా కూర్చుని గడ్డాన్ని మెల్లగా ఒక భుజం వైపు, తర్వాత రెండో భుజం వైపు తిప్పుతూ నొప్పి రానంత వరకే చెయ్యండి, చూసేటప్పుడు మెడతో పాటు నడుము పైభాగం కూడా కాస్త తిప్పడం అలవాటు చేసుకోండి. చేతుల్లోకి తిమ్మిరి దిగుతున్నా, నడిచేటప్పుడు తూలుతున్నా ఈ ఎక్సర్‌సైజులు మానేసి ముందు డాక్టర్‌ని కలవండి.

కళ్ళు. ప్రోగ్రెసివ్ అద్దాల్లో పైభాగం దూరానికి, కిందిభాగం దగ్గరికి, ఈ చివర ఆ చివర కొంచెం మసగ్గా ఉంటుంది. కళ్ళు మాత్రం పక్కకి తిప్పి సైడ్ మిర్రర్ చూస్తే ఆ మసక భాగంలోంచే చూస్తారు, తల తిప్పి చూడాలి, ఇది అద్దాలు కొత్తగా మార్చినప్పుడు మరీ తెలుస్తుంది. షుగర్ ఉంది కాబట్టి ఏడాదికోసారి రెటీనా పరీక్ష ఎలాగూ చేయించుకోవాలి, ఆ వెళ్ళినప్పుడే శుక్లాలు ఉన్నాయేమో, కంటి ప్రెషర్ ఎంతుందో కూడా చూపించుకోండి. గ్లకోమా అనే జబ్బులో పక్కచూపు పోతున్నా చాలా రోజులు తెలియదు, ఎదురుగా అక్షరాలు చక్కగా కనిపిస్తూనే ఉంటాయి, కానీ పక్కసందులోంచి వచ్చే సైకిల్ కనిపించదు. అనుమానం ఉంటే పక్కచూపు ఎంతుందో చూసే ఫీల్డ్ టెస్ట్ చేస్తారు. కంట్లో చుక్కలు వేసి పరీక్ష చేస్తే కొన్ని గంటలు చూపు మసగ్గా ఉంటుంది, ఆ పూట మీరు బండి నడపకండి.

ఇక వయసు వల్లేనా అన్నారు. రియాక్షన్ కొంచెం నెమ్మదిస్తుంది, కొత్త పని ఒంటబట్టడానికి 20 ఏళ్ళ పిల్లల కంటే ఎక్కువ రోజులు పడుతుంది, ఇది నిజం, దాచను. కానీ నేర్చుకునే శక్తే పోతుంది అనేది నిజం కాదు. 2008లో జర్మనీ పరిశోధకులు 60 ఏళ్ళ దగ్గర్లో ఉన్నవాళ్ళకి మూడు బంతులు ఎగరేసి పట్టుకునే విద్య మూడు నెలలు నేర్పించి మెదడు స్కాన్లు తీశారు, కుర్రాళ్ళంత బాగా అందరికీ రాలేదు గానీ, నేర్చుకున్నవాళ్ళ మెదడులో కదలికల్ని చూసి గుర్తుపట్టే భాగం పెరిగింది. కాబట్టి మీ పిల్లలకి నా మాటగా చెప్పండి, అమ్మ చెయ్యాల్సింది మానెయ్యడం కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళడం. ఇంట్లో ఇద్దరిలో ఒకరు నడపలేని పరిస్థితి వచ్చినప్పుడు రెండోవాళ్ళు నేర్చుకోవాలనుకోవడం ఎంత అవసరమో నేను రోజూ చూస్తుంటాను, హాస్పిటల్‌కి రావాలన్నా ఎవరో ఒకరి ఖాళీ కోసం ఎదురుచూస్తూ చెకప్‌లు వాయిదా వేసుకునేవాళ్ళు ఎందరో.

నేర్చుకునే పద్ధతి మాత్రం మీ వయసుకి తగ్గట్టు మార్చుకోండి. వారానికోసారి రెండు గంటలు కాకుండా, వారంలో నాలుగైదు రోజులు అరగంట చొప్పున చెయ్యండి, మధ్యలో రాత్రి నిద్ర పడితేనే నేర్చుకున్నది గట్టిపడుతుంది. నెలసరి ఆగిన వయసులో చాలామంది ఆడవాళ్ళకి నిద్ర సరిగ్గా పట్టదు, వేడి ఆవిర్లు వస్తాయి, అదుంటే దానికీ వైద్యం ఉంది, సిగ్గుపడకుండా అడగండి. గట్టిగా గురకపెట్టి పగలు కునుకు తీస్తుంటే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, ఉందేమో పరీక్ష చేయించుకోండి. జలుబు, అలర్జీకి కొనుక్కునే క్లోర్‌ఫెనిరమిన్, సెటిరిజిన్ లాంటివి వేసుకున్న రోజు క్లాసు మానెయ్యండి. నడిపేటప్పుడు చేస్తున్నది పైకి అంటూ ఉండండి, అద్దం చూశా, ఇండికేటర్ వేశా, రెండో గేర్ వేశా అని, అలా అంటే భయం మాటలు లోపలికి రావడానికి చోటుండదు. రోజూ నేర్పేవాళ్ళు కాకుండా కొత్తవాళ్ళెవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని, మాట్లాడకుండా రాసుకుంటూ ఉండమని, ఉత్తుత్తి టెస్ట్ ఇవ్వండి. పక్కన ముక్కూమొహం తెలియని మనిషి కూర్చోవడమే సగం భయం, దానికి ముందే అలవాటు పడాలి. అరిచే మాస్టారైతే మార్చెయ్యండి, అరుపులకి ఎవరికైనా చేతులు వణుకుతాయి.

టెస్ట్ రోజు పొద్దున ఎప్పుడూ తినేదే తినండి, మాత్ర తిండితోపాటే. గొంతు దిగకపోతే టెస్ట్ వాయిదా వేసుకోండి గానీ ఖాళీ కడుపుతో మాత్ర వేసుకుని వెళ్ళొద్దు. కాఫీ రోజూ తాగేంతే, ఎక్కువ వద్దు. మీటర్, గ్లూకోజ్ బ్యాగ్‌లో ఉండాలి, మీ పేరు పిలిచేముందు ఒకసారి చూసుకోండి. నంబర్ బాగుండి కూడా చేతులు వణుకుతుంటే అది భయమే, అప్పుడు నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి ఆరు లెక్కపెడుతూ వదలండి, కొన్ని నిమిషాలు అలా చేస్తే గుండె వేగం దిగుతుంది. క్లాసులకి ముందు కూడా ఇదే చెయ్యండి, టెస్ట్ రోజే మొదలుపెడితే అంతగా పనిచెయ్యదు. ఇన్ని చేసినా స్టీరింగ్ దగ్గర కూర్చోగానే ఊపిరాడనట్టు, చచ్చిపోతానేమో అన్నంత భయం వస్తుంటే అది పానిక్ అటాక్, సైకాలజిస్ట్ దగ్గర కౌన్సెలింగ్‌తో బాగా తగ్గుతుంది.

రాత్రి నడపడం అడిగారు. పాసైన కొత్తలో వద్దు. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, లోపలి లెన్స్ పసుపెక్కుతుంది, 60 ఏళ్ళ కంటికి లోపల అందే వెలుగు 20 ఏళ్ళ కంటికి అందేదాంట్లో సుమారు మూడో వంతే. ఎదురు లైట్లు పడ్డాక మళ్ళీ రోడ్డు కనిపించడానికి ఎక్కువ టైం పడుతుంది. కొన్ని నెలలు పగలే నడిపి, తర్వాత తెలిసిన దారిలో పొద్దుగూకే వేళ మొదలుపెట్టండి. లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తే శుక్లం అనుమానించాలి. రాత్రి డ్రైవింగ్‌కని అమ్మే పసుపు కళ్ళద్దాలు కొనకండి, అవి వెలుగుని ఇంకా తగ్గిస్తాయి, దానికి బదులు ముందద్దం లోపలివైపు కూడా తుడిపించండి, ఎదురు బండి లైట్ల వైపు కాకుండా మీ వైపు రోడ్డు అంచు మీద చూపు పెట్టండి.

ముందు ఓ పదిరోజులు షుగర్ రీడింగ్స్ రాయండి, పాదాల పరీక్ష, బీ12, కళ్ళు చూపించుకోండి. రిపోర్టులొచ్చాక, మీ డాక్టర్ గ్లిమెపిరైడ్ గురించి ఏమన్నారో కూడా కలిపి మళ్ళీ రాయండి, టెస్ట్‌కి ఎప్పుడు వెళ్ళాలో అప్పుడు చెప్తాను.