నానమ్మ గురించిన ప్రశ్న చదువవుతుందా?

ప్రశ్న: మా అత్తగారికి నాలుగేళ్లుగా మతిమరుపు జబ్బు. మనవరాలిని చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలుస్తారు. ఒళ్లో మల్లెలు పోస్తే మాత్రం చకచకా మాల కడతారు. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ‘నాకు గొట్టాలు పెట్టి బతికించకండి’ అనేవారు. మొన్న న్యుమోనియా వచ్చి వెంటిలేటర్ మాట రాగానే ఇంట్లో తలోమాట అన్నారు. నీట్ రాసిన మా అమ్మాయి అప్పటినుంచి ‘ఆ మాట అన్న నానమ్మ, ఈ నానమ్మ ఒకరేనా?’ అంటోంది. తత్త్వశాస్త్రం చదువుతుందట. అందులో బతుకుతెరువు ఉందా?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, పేర్లు మరిచిన ఆ చేతులు ముడి మరవలేదు. మీ అమ్మాయి ప్రశ్న అక్కడే పుట్టింది. దాన్ని పిల్లచేష్ట అనుకోకండి.

పదిహేడో శతాబ్దపు తత్త్వవేత్త జాన్ లాక్ దృష్టిలో మనిషిని అదే మనిషిగా నిలిపేది జ్ఞాపకం. అలాగైతే నాటి మాటకు నేటి నానమ్మ ఎందుకు కట్టుబడాలి? బుద్ధి నిలకడగా ఉన్నప్పుడు చేసుకున్న నిర్ణయమే చెల్లాలని అమెరికా న్యాయకోవిదుడు రొనాల్డ్ డ్వార్కిన్ అన్నారు. ఎదుట ఉన్న రోగి సుఖదుఃఖాలే ముఖ్యమని అక్కడి న్యాయ, వైద్యనీతి ఆచార్యురాలు రెబెకా డ్రెసర్ ఎదురు వాదించారు. మల్లెల సంగతి చదివాక నా మనసు డ్రెసర్ వైపే మొగ్గుతోంది. మన సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ముందస్తు వైద్య వీలునామాను, అంటే తాను చెప్పలేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే పత్రాన్ని, గుర్తించింది. ఇద్దరు సాక్షులతో పాటు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలని 2023లో సడలించింది. మీ అత్తగారిది నోటిమాట కాబట్టే ఇంట్లో అంత మథనం.

ఇక బతుకుతెరువు. తత్త్వశాస్త్రం ఒక్కదాన్నే నమ్ముకుంటే దారి పొడవు: ఎంఏ, నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష), పీహెచ్‌డీ, ఆపైన అరుదుగా పడే అధ్యాపక పోస్టు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎంఏ ఉంది. మందుల ప్రయోగాలను పరిశీలించే ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలని, వారిలో తత్త్వవేత్తకూ చోటివ్వవచ్చని 2019 నిబంధనలు చెబుతున్నాయి. అయితే అది నెలజీతపు ఉద్యోగం కాదు.

ఎంబీబీఎస్ సీటు వస్తే చేరమనండి. 2019 నుంచి వైద్య నీతి, రోగితో మాట్లాడే పద్ధతి మొదటి ఏడాది నుంచే పాఠంగా ఉన్నాయి. రాకపోతే, ఇష్టం లేకుండా లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు మాత్రం పంపకండి. బీఎస్సీ నర్సింగ్ గురించి అడగండి. రోగి మంచం పక్కన ఎక్కువసేపు ఉండేది నర్సే. అదీ వద్దంటే బీఏలో చేర్పించండి, ఎంఏ సంగతి మూడేళ్ల తర్వాత చూడవచ్చు.

ఈలోగా ఆమెకు ఒక నోటుపుస్తకం ఇవ్వండి. నానమ్మ అప్పట్లో ఏమన్నారు, ఎవరితో అన్నారు, ఇప్పుడు ఏం పెడితే తింటున్నారు, దేనికి చెయ్యి తోసేస్తున్నారు, అన్నీ తేదీలతో రాయమనండి. ఈసారి ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే డాక్టరు ముందు ఆ పుస్తకం పెట్టండి.