పాఠకుల ప్రశ్నలు – జవాబులు: బోర్డుకూ భోజనానికీ ఏమిటి సంబంధం?

ప్రశ్న: మా అబ్బాయి చేరిన హాస్టల్ రసీదులో ‘బోర్డింగ్ చార్జీలు’, ‘లాడ్జింగ్ చార్జీలు’ అని రెండు పద్దులు విడివిడిగా రాశారు. బోర్డు అంటే చెక్కపలక అనీ, బడిలో నల్లబల్ల అనీ, నిజామాబాదులో పెట్టిన పసుపు బోర్డు వంటి సంస్థ అనీ తెలుసు. ఇందులోకి భోజనం ఎలా వచ్చింది? ఈ మాటకు తెలుగులో సరైన పర్యాయపదం ఏది? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ రసీదులో తప్పేమీ లేదు. బోర్డింగ్ అంటే భోజనం, లాడ్జింగ్ అంటే బస. మీరు చెప్పిన అర్థాలన్నింటికీ మూలం చెక్కపలకే. పాత ఇంగ్లీషులో ‘బోర్డ్’ అంటే కోసిన పలక. మధ్యయుగపు పెద్ద ఇళ్లలో భోజనపు బల్ల ఒకచోట స్థిరంగా ఉండేది కాదు. తినే వేళకు ఊతకొయ్యల మీద పలకలు పరిచి, భోజనాలు కాగానే వాటిని తీసి గోడవార చేర్చేవారు. అందువల్ల పలక పేరు బల్లకు, బల్ల పేరు దాని మీద వడ్డించే తిండికి, ఆ తరువాత డబ్బు తీసుకొని రోజూ పెట్టే భోజనానికి సంక్రమించింది. విద్యార్థులకు తిండీ బసా కూడా కల్పించే బడి బోర్డింగ్ స్కూలు అయింది.

సంస్థ అనే అర్థం కూడా ఆ బల్ల దగ్గరే పుట్టింది. ఆలోచన చేయడానికి బల్ల చుట్టూ కూర్చున్నవారినే బోర్డు అనసాగారు. ఇది మనకు వింతగా తోచనక్కరలేదు. పెళ్లిలో ‘మొదటి బంతి లేచింది’ అంటే లేచింది వరుస కాదు, వరుసలో కూర్చొని తిన్న మనుషులు. కాకపోతే అధికారం విషయంలో ఇంగ్లీషువారు బల్లను పట్టుకుంటే మనం ఆసనాన్ని పట్టుకున్నాం: కూర్చునే పీట అయిన పీఠమే మఠానికీ, సాహిత్య సంస్థకూ పేరైంది, కొందరు న్యాయమూర్తులు కలిసి విచారణ జరిపితే ధర్మాసనం అంటున్నాం.

విమానాశ్రయంలో ఇచ్చే బోర్డింగ్ పాసుకు మాత్రం తిండితో సంబంధం లేదు. ఓడ పక్కభాగాన్ని కూడా బోర్డ్ అనేవారు కనుక ఓడ ఎక్కడం ‘బోర్డింగ్’ అయింది. ఓడల మాట రైళ్లకూ విమానాలకూ పాకింది. చుక్కాని పనిచేసే పెద్ద తెడ్డు పూర్వం కుడిపక్కన ఉండేది కాబట్టి నావికులు ఆ వైపును, ఓడ నడపడం అనే అర్థమున్న ‘స్టీర్’ మాటను బట్టి, స్టార్‌బోర్డ్ అన్నారు. ఎడమవైపు పేరు లార్‌బోర్డ్. కేక వేసి చెప్పినప్పుడు రెండూ ఒకేలా వినిపించడం ప్రమాదమని బ్రిటిష్ నౌకాదళం 1844లో లార్‌బోర్డ్‌ను మాన్పించి ‘పోర్ట్’ అనే మాటను ఖాయం చేసింది.

ఇక పర్యాయపదం. అన్ని సందర్భాలకూ సరిపోయే ఒక్క మాట తెలుగులో లేదు, ఉండనవసరమూ లేదు. వస్తువైతే బల్ల, పలక, ఫలకం. తిండి అయితే భోజనం. మనుషుల బృందమైతే మండలి. తిరుమల తిరుపతి దేవస్థానాల ధర్మకర్తల మండలి, ఇంటర్మీడియట్ విద్యామండలి అనే పేర్లు చక్కగా నిలిచాయి. గుంటూరు కేంద్రంగా 1976లో ఏర్పడిన పొగాకు బోర్డును, 2025 జనవరిలో మొదలైన పసుపు బోర్డును రైతులు బోర్డులనే అంటారు. వాటిని మార్చబూనడం వృథా ప్రయాస అని నా అభిప్రాయం. ఆంధ్ర ప్రాంతపు పాతతరం ‘బోర్డు స్కూలు’ అనేది కూడా అలాంటిదే: అది జిల్లా బోర్డు నడిపిన బడి, 1959లో జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాక జిల్లా పరిషత్ పాఠశాల అయింది. పైగా చిట్టీల కంపెనీ డబ్బుతో ఉడాయిస్తే ‘బోర్డు తిప్పేశారు’ అంటామే, అక్కడ ‘ఫలకం తిప్పేశారు’ అని రాస్తే మోసపోయినవారికి కూడా నవ్వొస్తుంది.

ప్రశ్న: బోర్డు, కౌన్సిల్, కమిటీ, కమిషన్ – నాలుగింటినీ పత్రికలు మండలి అనో సంఘం అనో రాస్తున్నాయి. తేడా పాటించవద్దా? – ఒక ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: పాటించాలి గానీ, మన వాడుక అప్పుడే కొంత చిక్కుపడింది. శాసన మండలిలో మండలి కౌన్సిల్‌కు సమానార్థకం, విద్యామండలిలో బోర్డుకు. సంఘం మాట మీద బరువు ఇంకా ఎక్కువ: ఎన్నికల సంఘం కమిషన్, స్థాయీ సంఘం కమిటీ, రైతు సంఘం ఈ రెండూ కాదు. స్థూలంగా చెప్పాలంటే, ఒక సంస్థ పాలనకు బాధ్యత వహించేది బోర్డు. చర్చించి సలహా ఇవ్వడానికో, శాసనం చేయడానికో సమావేశమయ్యేది కౌన్సిల్. పెద్ద సభ తనలో కొందరికి ఒక పని అప్పగిస్తే కమిటీ. విచారణకో, ప్రత్యేక బాధ్యతకో ప్రభుత్వమో చట్టమో నియమించేది కమిషన్. ఇంగ్లీషులోనూ ఈ గీతలు చెరుగుతూనే ఉంటాయి కనుక, పేరు చూసి అధికారాలను ఊహించకుండా దాన్ని ఏర్పాటు చేసిన చట్టాన్నో, ఉత్తర్వునో చూడాలి. అనువదించేటప్పుడు అయోమయం కలిగేచోట మొదటిసారి ‘పొగాకు బోర్డు పాలక మండలి’ అన్నట్టు విడమరచి రాసి, ఆ తరువాత మండలి అంటే సరిపోతుంది.