పిల్లలు మాట వింటారు, మ్యాచ్ చేజారుతోంది: నేను కోచ్‌గా పనికొస్తానా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి దగ్గర పల్లె. డిగ్రీ ఫైనలియర్. కాలేజీ టీముకు ఫుట్‌బాల్ ఆడేవాణ్ణి, మోకాలి దెబ్బతో మానేశాను. ఇప్పుడు సాయంత్రాలు మా హైస్కూల్ పిల్లలకు ఆట నేర్పిస్తున్నాను. ఎవరు ఎందుకు డల్‌గా ఉన్నారో, ఎవరింట్లో ఏం గొడవో నాకు చెప్పుకుంటారు. మొన్న ఒంగోలులో ఒక టోర్నీలో 1-0తో ముందుండి 1-2తో ఓడిపోయాం. రెండు గోల్సూ మా లెఫ్ట్ బ్యాక్ (ఎడమవైపు డిఫెండర్) వైపు నుంచే పడ్డాయి. వాడు అలిసిపోయాడని తెలుస్తూనే ఉంది. కానీ వాన పడినా సైకిలేసుకుని ప్రాక్టీసుకు వచ్చే పిల్లోణ్ణి, వాళ్ల నాన్న చూస్తుండగా బయటికి పిలవడానికి మనసొప్పలేదు. మా పీడీ సార్, "పిల్లోళ్లని పట్టుకునే గుణం నీకుంది గానీ అబ్బయ్యా, ఆట చదవడం రాలేదింకా" అన్నారు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు మాజీ మేనేజర్ సౌత్‌గేట్‌నీ ఇలాగే అనేవాళ్లు కదా. మనుషులతో బాగుంటే సరిపోతుందా? నాన్నకు రొయ్యల చెరువులున్నాయి. నన్ను బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారు.

జవాబు: మీ పీడీ సార్ మాటలో సగమే ఒప్పుకుంటాను. ఆట చదవడం రాని వాడికి లెఫ్ట్ బ్యాక్ అలిసిపోయిన సంగతి గోల్ పడ్డాక కూడా తెలియదు, గోల్‌కీపర్‌ని తిడతాడు. మీకు ముందే తెలిసింది. తెలిసీ మార్చలేకపోయారు. తెలియకపోవడం వేరు, తెలిసీ చేయలేకపోవడం వేరు. మొదటిదానికి చదువు కావాలి. రెండోదానికి అలవాటు కావాలి. మీలో ఈ రెండు లోపాలూ కొంచెం కొంచెం ఉన్నట్టున్నాయి కానీ, ఒంగోలులో మిమ్మల్ని ఓడించింది మాత్రం రెండోదే.

సౌత్‌గేట్ పేరు మీరే ఎత్తారు కాబట్టి ఆయన లెక్కే చూద్దాం. 2016లో ఐస్‌లాండ్ చేతిలో ఓడి, ఆ తర్వాత వచ్చిన మేనేజర్ ఒక్క మ్యాచ్‌కే వెళ్లిపోయి, చిందరవందరగా ఉన్న టీము ఆయన చేతికొచ్చింది. ఇంగ్లండ్ జెర్సీ వేసుకోవడమంటేనే ఆటగాళ్లకు టెన్షన్‌గా ఉన్న రోజులవి. 1996 యూరో (యూరప్ దేశాల కప్పు) సెమీఫైనల్లో తానే పెనాల్టీ మిస్ చేసిన మనిషి కాబట్టి ఆ భయం ఎలా ఉంటుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2018లో కొలంబియా మీద ఇంగ్లండ్ ప్రపంచకప్‌లో మొదటిసారి పెనాల్టీ షూటౌట్ గెలిచింది, సెమీస్ దాకా వెళ్లింది. 1966 తర్వాత ఒక్క పెద్ద టోర్నీ ఫైనల్ కూడా చూడని పురుషుల జట్టు, ఆయన హయాంలో వరుసగా రెండు యూరో ఫైనల్స్ ఆడింది. ఇదంతా మనుషుల్ని అర్థం చేసుకోవడం వల్ల వచ్చిన ఫలితమే. దాన్ని చిన్నబుచ్చే వాళ్ల మాట వినకండి.

ఇప్పుడు రెండో వైపు. 2021 జులై 11, లండన్ వెంబ్లీ స్టేడియంలో ఇటలీతో యూరో ఫైనల్. రెండో నిమిషంలోనే ల్యూక్ షా గోల్ కొట్టాడు. తర్వాత మెల్లమెల్లగా బంతి ఇటలీ చేతుల్లోకి పోయింది. ఇటలీ కోచ్ మన్చీనీ 55వ నిమిషం కల్లా ఇద్దరిని మార్చేశాడు. 67వ నిమిషంలో బొనూచీ గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు. ఇంగ్లండ్ మొదటి మార్పు వచ్చింది 70వ నిమిషంలో, గోల్ పడ్డాక. చివరికి పెనాల్టీల్లో ఓడారు. మీ ఒంగోలు మ్యాచ్‌కీ దీనికీ పోలిక మీకే కనిపిస్తుంది. మీ నాన్నగారిని ఒక మాట అడగండి: చెరువులో రొయ్య పైకి తేలాక ఏరియేటర్ వేస్తే ఏమవుతుందని. బెంచ్ మీది కుర్రాణ్ణి లోపలికి పంపడమూ అంతే.

కానీ కథ అక్కడితో ఆగలేదు. 2024 యూరో సెమీస్‌లో నెదర్లాండ్స్‌తో 1-1 మీద ఉండగా, అదే సౌత్‌గేట్ తన కెప్టెన్ హ్యారీ కేన్‌ని బయటికి పిలిచి వాట్కిన్స్‌ని పంపాడు. మ్యాచ్ చివరి క్షణాల్లో వాట్కిన్సే గెలుపు గోల్ కొట్టాడు. ఫైనల్లో స్పెయిన్ మీద కూడా కేన్‌ని గంట దాటగానే మార్చాడు. తర్వాత పంపిన కోల్ పామర్ మూడు నిమిషాల్లో గోల్ కొట్టాడు. 2-1తో ఓడిపోయారు, కప్పు రాలేదు, ఆయన తప్పుకున్నాడు. బంతి తమ దగ్గర నిలుపుకోలేరన్న విమర్శ చివరిదాకా ఉంది, అది న్యాయమే. అయినా దేశమంతా తల మీద పెట్టుకున్న కెప్టెన్‌ని సెమీస్‌లో పక్కన కూర్చోబెట్టగలిగాడంటే, ఆ తెగువ నేర్చుకుంటే వచ్చేదే. నాకు ఆయన కెరీర్‌లో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

మన దగ్గర ఇంకా మంచి ఉదాహరణ ఉంది. హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1951లో, 1962లో భారత్‌కు ఏషియన్ గేమ్స్ స్వర్ణాలు తెచ్చిన కోచ్ ఆయన. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తాలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆ స్థితిలో అతణ్ణి రహీం ఫార్వర్డ్‌గా దింపారు. సెమీస్‌లో గోల్ కొట్టాడు, దక్షిణ కొరియాతో ఫైనల్లోనూ కొట్టాడు. ఇది ఎత్తుగడా, మనిషిని ఎరగడమా? జర్నైల్ ఒళ్లూ మొండితనమూ ఎలాంటివో తెలియని కోచ్‌కి ఆ ఆలోచనే రాదు. పిల్లల గురించి మీకు తెలిసినదంతా ఇలా నిర్ణయంగా మారాలి. ఆ లెఫ్ట్ బ్యాక్ ఎన్ని నిమిషాల దాకా గట్టిగా పరిగెత్తగలడో మీకన్నా తెలిసిన వాళ్లెవరు? కాబట్టి మ్యాచ్‌కి ముందే వాడితోనే చెప్పండి: "సెకండాఫ్‌లో పది నిమిషాలు నీ పూర్తి బలం పెట్టు, తర్వాత ఫలానా వాడు వస్తాడు" అని. వాళ్ల నాన్నకూ చెప్పండి. ముందే అనుకున్న మార్పు ఎవరికీ అవమానం కాదు.

మిగిలింది చదువు. టీవీలో మ్యాచ్ చూస్తూ 60వ నిమిషంలో ఆపి, ఎవరిని మారుస్తారో, ఎందుకో నోట్‌బుక్‌లో రెండు ముక్కలు రాయండి. తర్వాత ప్లే చేసి చూడండి. బంతిని కాదు, బంతి లేని వైపు డిఫెండర్లు ఎక్కడ నిలబడ్డారో చూడటం అలవాటు చేసుకోండి. మీ మ్యాచ్‌లకు, పిల్లలెవరో తెలియని ఒక పాత ఆటగాణ్ణి గట్టు మీద కూర్చోబెట్టి హాఫ్‌టైమ్‌లో ఒక్క ప్రశ్న అడగండి: "ఎటువైపు దెబ్బతింటున్నాం?" పెద్దవాళ్లూ ఇలా తోడు పెట్టుకున్నారు. మేనేజర్ బ్రయన్ క్లఫ్ పక్కన సహాయకుడిగా పీటర్ టేలర్ ఉన్నప్పుడే ఇంగ్లండ్ క్లబ్బు నాటింగ్‌హామ్ ఫారెస్ట్ 1979లో, 1980లో యూరోపియన్ కప్ (యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు) గెలిచింది. టేలర్ తప్పుకున్నాక క్లఫ్‌కి లీగ్ టైటిల్ గానీ యూరోపియన్ కప్ గానీ మళ్లీ రాలేదు. అయితే తోడు సలహా ఇస్తాడు, అంతే. మార్పు బోర్డు పైకెత్తించేది మీరే.

ఇక బతుకుతెరువు సంగతి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఫుట్‌బాల్ కోచింగ్ ఒక్కదాని మీదే ఇల్లు గడవడం కష్టం. ఈ విషయంలో మీ నాన్నగారి భయం నిజమైనదే. అందుకే నా సలహా: డిగ్రీ పూర్తి కాగానే పీఈసెట్ (వ్యాయామ విద్య కోర్సుల ప్రవేశ పరీక్ష)కు హాజరై బీపీఈడీ చేయండి. దాంతో డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ ఫిజికల్ ఎడ్యుకేషన్ పోస్టుకు పోటీ పడొచ్చు. ప్రైవేటు స్కూళ్లలో పీఈటీగా చేరొచ్చు, అయితే మొదట్లో జీతాలు తక్కువని తెలుసుకునే చేరండి. పక్కనే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య లైసెన్సులు కింద నుంచి పట్టుకోండి: ఈ, డీ, సీ, బీ, ఏ, ఆపైన ప్రో. ఆట చదవడం పద్ధతిగా నేర్పేది అక్కడే. ఇప్పుడున్న మీ గుణానికి పిల్లల కోచింగ్ చక్కగా సరిపోతుంది. పెద్ద క్లబ్బుల సంగతి సీ లైసెన్స్ దాటాక ఆలోచిద్దాం. చిన్న ఊరి జట్టుతో పైకి రావడం జరగని పనేం కాదు. 2017లో మిజోరం జట్టు ఐజ్వాల్‌ని ఐ-లీగ్ (దేశంలోని క్లబ్బుల లీగ్) చాంపియన్ చేసిన ఖాలిద్ జమీల్ 2025లో భారత జట్టు కోచ్ అయ్యారు.

బ్యాంకు పరీక్షలు రాయడం తప్పేం కాదు. కానీ మనసు మైదానంలో పెట్టి కోచింగ్ సెంటర్లో కూర్చుంటే రెండు మూడేళ్లు ఊరికే పోతాయి. నాన్నగారితో "బీపీఈడీ, తర్వాత ఒక డీఎస్సీ, అప్పటికీ కుదరకపోతే మీరు చెప్పిందే చేస్తాను" అని గడువు పెట్టి మాట్లాడండి. ఏం చేద్దామనుకుంటున్నారో కచ్చితంగా చెబితే ఆయనకూ ఆలోచించడానికి వీలుంటుంది.

ఒక్క జాగ్రత్త. పీఈసెట్‌లో రాత పరీక్ష ఉండదు, మైదానంలో పరుగు, షాట్‌పుట్, జంప్, ఆటలో నైపుణ్యం చూస్తారు. మగపిల్లలకు 800 మీటర్ల పరుగు కూడా ఉంటుంది. ముందు నెల్లూరులోనో ఒంగోలులోనో మంచి ఎముకల డాక్టరుకు ఆ మోకాలు చూపించి, పరిగెత్తొచ్చో లేదో అడిగాకే అప్లికేషన్ పెట్టండి.