గోల్డెన్ బాయ్ మెరుపా, పాత మార్లిన్ ఉక్కా? లీవర్ యాక్షన్ .22 రైఫిల్‌ని చేతిలోకి తీసుకున్నాక ఏం చూడాలి

మీరు అడిగింది ఇదీ: గ్రీన్ కార్డ్ వచ్చింది, డాలస్ శివార్లలో ఉంటున్నారు, సరదాగా రేంజ్‌కి తీసుకెళ్లడానికి లీవర్ యాక్షన్ .22 ఒకటి కొనాలనుంది (ట్రిగ్గర్ కింది లీవర్‌ని దించి లేపితే తూటా మారే చిన్న తూటాల రైఫిల్ అన్నమాట). షాపులో కొత్త హెన్రీ గోల్డెన్ బాయ్ ధగధగలాడుతోంది. పక్క రాక్‌లో పాత మార్లిన్ 39ఎ ఉంది, ధర దాదాపు రెట్టింపు. పాతదానికి అంత రేటు ఎందుకు, క్వాలిటీ ఉందో లేదో చూసి ఎలా తెలుసుకోవాలి అని.

నా దగ్గర 60ల నాటి 39ఎ ఒకటి, బ్రౌనింగ్ బీఎల్-22 ఒకటి ఉన్నాయి. మా అబ్బాయి గురి నేర్చుకున్నది హెన్రీ హెచ్ 001 మీద. గన్ షోల్లో కొనేది ఏమీ లేకపోయినా టేబుళ్ల చుట్టూ తిరగడం నాకు అలవాటు. ఆ అనుభవంతో చెప్తున్నాను.

ఆ 39ఎ మంచి స్థితిలో ఉంటే రెట్టింపు ధర అన్యాయమేం కాదు. అలాగని గోల్డెన్ బాయ్ కొంటే మోసపోయినట్టూ కాదు. కాగితం టార్గెట్ మీద రెండూ దాదాపు ఒకేలా కొడతాయి. తేడా అంతా తయారీలో ఉంది.

39ఎ రిసీవర్, అంటే లోపలి యంత్రాంగం కూర్చునే మధ్య దిమ్మ, పోత పోసింది కాదు. ఫోర్జింగ్ చేసిన, అంటే వేడి చేసి కొట్టి ఆకారం ఇచ్చిన ఉక్కు ముద్దని మిల్లింగ్ మెషీన్ మీద చెక్కి తీసింది. లోపలి భాగాలు కూడా ఎక్కువగా ఉక్కువే. కుడివైపు పెద్ద స్క్రూ ఒకటి కనిపిస్తుంది, నాణెంతో కూడా తిప్పొచ్చు. అది విప్పితే రైఫిల్ రెండు ముక్కలవుతుంది. ఈ వంశం 1891 మోడల్ దగ్గర మొదలైంది. గురికి పేరుమోసిన ఆనీ ఓక్లీ ప్రదర్శనల్లో మార్లిన్ .22 వాడిన కాలం అది. 39ఎ అన్న పేరు 1939లో వచ్చింది. ఆ తరువాత కనెటికట్‌లో దశాబ్దాల పాటు పెద్దగా మార్పు లేకుండా తయారైంది. ఇవాళ అంత మెషీన్ పని చేసి ఒక .22 అమ్మాలంటే ఎవరికీ గిట్టుబాటు కాదు. మీరు చూసిన ధరలో సగం దానికే.

హెన్రీ లెక్క వేరు. 1860 నాటి హెన్రీ రైఫిల్‌కీ ఈ కంపెనీకీ పేరు తప్ప సంబంధం లేదు. ఇది 1996లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో మొదలైంది. వీళ్ల మొదటి రైఫిల్ హెచ్ 001 డిజైన్‌కి మూలం జర్మనీ ఎర్మా కంపెనీ చేసిన .22. లోపలి రిసీవర్ జింక్ మిశ్రమంతో పోత పోసింది, దాని మీద ఒక కవర్ ఉంటుంది. హెచ్ 001లో ఆ కవర్‌కి నల్ల పెయింట్ వేస్తారు, గోల్డెన్ బాయ్‌లో ఇత్తడి రంగు ఇస్తారు. అంటే మీకు కనిపిస్తున్న బంగారు రంగు దిమ్మ పూర్తి ఇత్తడి కాదు. అయస్కాంతం పెడితే బ్యారెల్‌కి అంటుకుంటుంది, రిసీవర్‌కి అంటుకోదు. ఇత్తడికి కూడా అయస్కాంతం అంటుకోదు కాబట్టి ఈ పరీక్షతో ఇత్తడా జింకా తేలదు. ఉక్కు కాదని మాత్రం తేలిపోతుంది.

జింక్ అనగానే ముఖం చిట్లించే పెద్దమనుషులు ప్రతి గన్ షోలోనూ కనిపిస్తారు. నాకు అంత పట్టింపు లేదు. .22 లాంగ్ రైఫిల్ పేలినప్పుడు పుట్టే ఒత్తిడి పెద్ద తూటాలతో పోలిస్తే తక్కువ. మా అబ్బాయి హెచ్ 001 ఏళ్ల తరబడి పెట్టెలకు పెట్టెలు మింగింది, లీవర్ ఇప్పటికీ వెన్నలా కదులుతుంది. నిజం చెప్పాలంటే కొత్తలో నా 39ఎ కన్నా అదే నున్నగా ఉండేది. నా అభ్యంతరం వయసు మీద పడే తీరు గురించి. ఉక్కు మీద బ్లూయింగ్, అంటే తుప్పు పట్టకుండా ఇచ్చే నీలినలుపు రంగు, చేతులు తగిలేచోట నెమ్మదిగా పలచబడి వెండి రంగులోకి దిగుతుంది, అది చూడ్డానికి బాగానే ఉంటుంది. పెయింట్ మాత్రం పెచ్చుగా లేస్తుంది. కింద బూడిద రంగు కనిపిస్తే ఇంకేం చేసినా దానికి కళ రాదు.

ఇక షాపులో ఏం చేయాలంటే, ముందు అడిగి చేతిలోకి తీసుకోండి. బ్యారెల్ మూతిని జనం లేని వైపు ఉంచి లీవర్ తెరిచి ఖాళీగా ఉందో లేదో చూడండి. బ్యారెల్ కింద గొట్టంలో ఉండే మ్యాగజైన్‌ది ఒక గమ్మత్తు. తూటా ఒక్కోసారి లోపల ఇరుక్కుని, లీవర్ నాలుగుసార్లు ఆడించినా బయటికి రాదు. అందుకే లోపలి ట్యూబ్‌ని కూడా బయటికి లాగి చూడాలి. ఆ ట్యూబ్ సాఫీగా జారాలి. ఎక్కడన్నా పట్టేస్తే బయటి గొట్టానికి సొట్ట పడి ఉండొచ్చు.

తరువాత కొయ్యా ఉక్కూ కలిసే చోట చూపు పెట్టండి. ముందువైపు మెరుపు ఎవరైనా తేగలరు, పనివాడి ఓపిక అతుకుల్లో బయటపడుతుంది. రిసీవర్ వెనకాల స్టాక్ (భుజానికి ఆనించే కొయ్య భాగం) మొదలయ్యేచోట సందు రెండువైపులా ఒకేలా ఉండాలి, గోరు దూరేంత ఖాళీ ఉండకూడదు. కొయ్య లోహం కన్నా వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటే కంగారు పడకండి, ఫ్యాక్టరీలో అలాగే వదులుతారు. లోహం కన్నా కిందికి దిగి ఉంటేనే అనుమానించాలి. ఎవరో ఇసుక కాగితం పట్టి అరగదీసి, కొత్తగా నూనె రాశారన్నమాట. స్టాక్ సన్నబడే మెడ దగ్గర కొయ్య చారలు పొడవునా పోవాలి. అడ్డంగా పోతే ఎంత అందమైన వాల్‌నట్ అయినా కింద పడితే అక్కడే విరుగుతుంది. టాంగ్ (రిసీవర్ నుంచి స్టాక్‌లోకి దిగే లోహపు నాలుక) వెనక వెంట్రుక మందాన చీలిక ఉందేమో ఫోన్ టార్చి పెట్టి చూడండి. స్టాక్ స్క్రూ వదులైపోయిన రైఫిల్‌తో అలాగే కాల్చుకుంటూ పోతే చీలిక మొదలయ్యేది అక్కడే.

స్క్రూల తలలు కూడా బోలెడు చరిత్ర చెప్తాయి. గాడులు పదునుగా, సూటిగా ఉంటే ఎవరూ విప్పలేదని, విప్పినా సరైన స్క్రూడ్రైవర్‌తో విప్పారని అర్థం. చితికిపోయి ఉంటే లోపల ఎవరో ప్రయోగాలు చేశారు. ట్రిగ్గర్ అతి తేలిగ్గా ఉన్నట్టనిపిస్తే ఆ ప్రయోగం ఏమిటో కూడా ఊహించొచ్చు.

రీబ్లూయింగ్ గురించి కాస్త ఎక్కువే చెప్తాను, పాత రైఫిళ్లలో డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే. ఒకసారి ఒక టేబుల్ మీద 39ఎ పెట్టి "ఫ్యాక్టరీ ఫినిష్, డబ్బాలో ఉన్నట్టే ఉంది" అని అమ్ముతున్నారు. దూరం నుంచి అద్దంలా ఉంది. దగ్గరికెళ్లి బ్యారెల్ మీద పేరు చదివితే అక్షరాల అంచులు కరిగిపోయినట్టున్నాయి, ఒకవైపు లోతుగా, ఇంకోవైపు తేలిగ్గా. స్క్రూ రంధ్రాల చుట్టూ లోహం చిన్న పళ్లెంలా గుంట పడింది. రిసీవర్ అంచులు కత్తిలా ఉండాల్సింది సబ్బు ముక్కలా గుండ్రంగా ఉన్నాయి. పాలిషింగ్ చక్రం మీద గట్టిగా నొక్కి, తుప్పు గుంటలు పోయేదాకా అరగదీసి, మళ్లీ బ్లూ చేశారన్నమాట. కాల్చడానికి అది పనికొస్తుంది, కానీ ఫ్యాక్టరీ ఫినిష్ ధర ఇవ్వకూడదు. అక్కడక్కడా రంగు పోయినా అక్షరాలు పదునుగా ఉన్న రైఫిలే నాకు ఎప్పుడూ ఎక్కువ అందంగా కనిపిస్తుంది.

బ్యారెల్ లోపల చూడటానికి 39ఎ సుఖం. స్క్రూ విప్పితే వెనకనుంచి నేరుగా కనిపిస్తుంది. మిగతావాటిలో చాలావాటికి లీవర్ తెరిచి లోపల తెల్ల కాగితం ముక్క పెట్టి, లైటు వేసి మూతివైపు నుంచి చూడాలి. ఒక హెచ్చరిక: 1950ల మధ్య నుంచి మార్లిన్ మైక్రో-గ్రూవ్ అనే రైఫ్లింగ్ (తూటాని తిప్పడానికి బ్యారెల్ లోపల ఉండే గాడులు) వాడింది. ఎక్కువ గాడులు, ఒక్కొక్కటీ చాలా తక్కువ లోతు. అలవాటు లేని కంటికి అరిగిపోయినట్టు కనిపిస్తుంది, నిజానికి అది పుట్టుకతోనే అంత. .22 సీసం తూటా మెత్తన, బ్యారెల్‌ని పెద్దగా అరగదీయదు. అరిగేది మూతి అంచు, అదీ ఏళ్ల తరబడి ముందునుంచి కడ్డీ దూర్చి శుభ్రం చేయడం వల్ల. ఇంకోటి, లోపల ఎక్కడన్నా నల్లని ఉంగరంలా నీడ కనిపిస్తే ఆ రైఫిల్ వదిలేయండి. ఇరుక్కున్న తూటా వెనక ఇంకోటి కాల్చినప్పుడు బ్యారెల్ అక్కడ ఉబ్బుతుంది.

తూటా కూర్చునే ఛాంబర్ అంచు కూడా చూడండి. రిమ్‌ఫైర్ తూటాలో మంటపుట్టే మందు అడుగు అంచులో ఉంటుంది కాబట్టి ఫైరింగ్ పిన్ ఆ అంచుని కొడుతుంది. ఖాళీగా పదేపదే ట్రిగ్గర్ నొక్కితే ఆ దెబ్బ ఛాంబర్ ఉక్కు మీద పడి చిన్న నొక్కు ఏర్పడే ప్రమాదం ఉంది. నొక్కు ఉంటే కాల్చిన ఖాళీ తొడుగులు బయటికి రావడానికి మొరాయిస్తాయి. అందుకే షాపులో మీరు కూడా అడక్కుండా ఖాళీ ట్రిగ్గర్ నొక్కకండి, మర్యాద కూడా కాదు.

వయసు విషయానికొస్తే, బ్యారెల్ మీద రిసీవర్ దగ్గర జె.ఎం. అని చిన్న ముద్ర ఉందేమో చూడండి. అది స్థాపకుడు జాన్ మార్లిన్ పేరు, కనెటికట్ రోజుల గుర్తు. కంపెనీని రెమింగ్టన్ కొన్నాక 2011కల్లా నార్త్ హేవెన్ ఫ్యాక్టరీ మూతపడింది. 2020లో రెమింగ్టన్ దివాలా తీసినప్పుడు మార్లిన్ పేరు రూగర్ చేతికి వచ్చింది. 70ల మధ్య నుంచి 90ల చివరిదాకా చేసినవాటికి సీరియల్ నంబరులో మొదటి రెండంకెల్ని 100లోంచి తీసేస్తే సంవత్సరం వస్తుంది. 22తో మొదలైతే 1978 అన్నమాట. 80ల్లో రిసీవర్‌కి అడ్డంగా సేఫ్టీ బటన్ ఒకటి వచ్చి చేరింది. పనికి అడ్డం కాదు గానీ, అంత శుభ్రమైన ఉక్కు పలక మధ్యలో బొత్తాంలా అది నాకు నచ్చదు. అందుకే దానికి ముందువే వెతుకుతాను. ధర కూడా ఆ మేరకు ఎక్కువ పలుకుతుంది.

అందం గురించి అడిగారు కదా, ఇక్కడ నా అభిరుచే చెప్తాను, వాదించొచ్చు. లీవర్ రైఫిల్ అందం రిసీవర్ సన్నదనంలో ఉంది. పక్కనుంచి చూస్తే రిసీవర్, స్టాక్, లీవర్ ఒకే గీతలో ప్రవహించాలి. ఈ లెక్కలో నా ఓటు వించెస్టర్ 9422కి. 1972 నుంచి 2005 దాకా చేశారు. పెద్దన్న మోడల్ 94 రూపాన్ని చిన్న కొలతలో పట్టుకుంది, రిసీవర్ ఫోర్జ్ చేసిన ఉక్కు. మిత్రుడొకరి దగ్గరుంది, ఆయన అమ్మడు, నేను అడగడం మానను. 39ఎ దానికన్నా లావుగా, బరువుగా ఉంటుంది. 60, 70ల వాటిలో బట్ ప్లేట్ (స్టాక్ చివర భుజానికి ఆనే పలక) దగ్గర తెల్ల ప్లాస్టిక్ గీత ఒకటి వేశారు, ఆ కాలపు ఫ్యాషన్, నాకు కంటికి ఆనదు. తిన్నని స్టాక్ కావాలంటే 39ఎ మౌంటీ అని పొట్టి బ్యారెల్‌ది దొరుకుతుంది, అది చాలా ముద్దుగా ఉంటుంది.

గోల్డెన్ బాయ్ వెతికే అందం ఇంకా పాతది. అసలు 1860 హెన్రీ కూడా రిమ్‌ఫైరే, .44ది. ఇత్తడి రంగు ఫ్రేమ్, ఎనిమిది పలకల బ్యారెల్ ఆ కాలం గుర్తులు. గోడకి తగిలిస్తే చుట్టాలందరూ దాన్నే చూస్తారు. కొలతల్లో మాత్రం నాకది కాస్త మొద్దుగా అనిపిస్తుంది. ఎనిమిది పలకల బ్యారెల్ వల్ల బరువు ముందుకి లాగుతుంది. ఆనించి కాల్చేటప్పుడు అది మేలే, పదేళ్ల పిల్లవాడి చేతికి మాత్రం భారం.

మీ లిస్టులో లేని ఒకటి: బీఎల్-22. జపాన్‌లో మిరోకు వాళ్లు బ్రౌనింగ్ కోసం చేస్తున్నారు. కొత్తగా దొరికే లీవర్ .22లలో కొయ్య, లోహం అతుకు ఇంత బాగా కుదిరింది నేను ఇంకోటి చూడలేదు. లీవర్ 33 డిగ్రీలు తిప్పితే చాలు, ట్రిగ్గర్ కూడా లీవర్‌తోపాటే కిందికి వస్తుంది. ఐదు పౌన్లే బరువు. వార్నిష్ మరీ గాజులా మెరుస్తుంది, పెద్ద చేతులవాళ్లకి బొమ్మలా అనిపిస్తుంది. మిమ్మల్ని చూడలేదు గానీ మన సగటు ఎత్తుకి బాగానే నప్పుతుంది.

ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నిషేధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. లాయర్‌ని అడక్కుండా వాటి మీద ఆధారపడకండి. గ్రీన్ కార్డ్ ఉంటే డీలర్ దగ్గర 4473 ఫారం నింపి బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక తీసుకెళ్లొచ్చు. మనలో చాలామంది ఎన్‌సీసీ క్యాంపులో .22 బోల్ట్ యాక్షన్ కాల్చి ఉంటారు. లీవర్ దానికన్నా భిన్నం, తూటా ఇంకా లోపల ఉందన్న సంగతి మరిచిపోవడం తేలిక. మొదటిసారి తెలిసినవాళ్లతో వెళ్లండి.

ఇప్పుడు మీ షాపు సంగతి. ఆ 39ఎ అక్షరాలు పదునుగా ఉండి, కొయ్య లోహం కన్నా దిగిపోకుండా, బ్యారెల్‌లో ఉంగరం లేకుండా ఉంటే తీసుకోండి. కావాలంటే కాస్త బేరమాడండి, పాత సరుకు మీద వాళ్లు కొంచెం దిగుతారు. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా, అదే డబ్బులో కొత్త హెచ్ 001 కొనుక్కుని మిగిలినదాంతో తూటాలు కొనండి. గోల్డెన్ బాయ్ మీద మనసు పడి ఉంటే మాత్రం రాక్‌లో ఉన్న రెండు మూడు పక్కపక్కన పెట్టించుకుని స్టాక్ కొయ్య చూసి ఎంచుకోండి. ధర అదే అయినా వాల్‌నట్ చారలు ఒకదానికీ ఇంకోదానికీ చాలా తేడా ఉంటాయి, అడిగితే చూపించడానికి షాపువాళ్లు ఏమీ అనుకోరు.