వీఎఫ్‌డీలో వోల్టేజి పెంచినా మోటారు లోడు ఎందుకు లాగదు?

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ. రైస్ మిల్లులో వడ్ల ఎలివేటరు నడిపే 10 హెచ్‌పీ మోటారుకి పాత స్టార్-డెల్టా స్టార్టరు (ముందు స్టార్ కనెక్షన్‌లో తక్కువ వోల్టేజితో, తర్వాత డెల్టాలో పూర్తి వోల్టేజితో నడిపేది) తీసేసి వీఎఫ్‌డీ, అంటే ఫ్రీక్వెన్సీ, వోల్టేజి మార్చి మోటారు వేగాన్ని అదుపు చేసే డ్రైవు పెట్టారు. ఖాళీగా ఉంటే బాగానే తిరుగుతోంది. మధ్యలో కరెంటు పోయి, బకెట్లలో వడ్లు ఉండగా మళ్ళీ స్టార్ట్ చేస్తే మాత్రం కదలకుండా ఓవర్ కరెంట్ చూపించి ట్రిప్ అవుతోంది. టార్క్, అంటే తిప్పే బలం చాలడం లేదనుకుని టార్క్ బూస్ట్ (తక్కువ వేగంలో అదనంగా ఇచ్చే వోల్టేజి) పెంచారు, స్టార్ట్ ఫ్రీక్వెన్సీ (డ్రైవు మొదట ఇచ్చే ఫ్రీక్వెన్సీ) 8 హెర్ట్జ్ చేశారు. దాంతో ఇంకా తొందరగా ట్రిప్ అవుతోంది. వోల్టేజి పెంచితే టార్క్ పెరగాలి కదా అని అడుగుతున్నారు.

గోదావరి జిల్లాల మిల్లుల్లో, క్రషర్లలో డ్రైవులు బిగించి సెట్ చేయడమే నా పని. సీజన్ మొదలైతే ఇలాంటి ఫోన్లు చాలానే వస్తాయి. పారామీటర్ల జోలికి వెళ్ళేముందు మోటారు కనెక్షన్ చూడండి. స్టార్-డెల్టా స్టార్టరు ఉన్నప్పుడు మోటారు నుంచి ఆరు వైర్లు ప్యానెల్‌కి వస్తాయి. స్టార్టరు తీసేశాక వాటిని డెల్టాలో కలపాలి: యూ1తో డబ్ల్యూ2, వీ1తో యూ2, డబ్ల్యూ1తో వీ2. ఎవరైనా తొందరలో స్టార్‌లో కలిపేస్తే ఒక్కో వైండింగ్‌కి 415 బదులు 240 వోల్టులే అందుతాయి, టార్క్ మూడో వంతుకి పడిపోతుంది. ఖాళీగా తిప్పితే తేడా తెలియదు, లోడు పడితేనే బయటపడుతుంది. నేను చూసిన కేసుల్లో కొన్ని ఇక్కడే తేలిపోయాయి. టెర్మినల్ బాక్స్ తెరిచేముందు సప్లై ఆపి కనీసం పది నిమిషాలు ఆగండి. డ్రైవు లోపలి డీసీ బస్‌లో (కెపాసిటర్లు చార్జ్ అయి ఉండే భాగం) 580 వోల్టులకు పైగా ఉంటుంది, స్విచ్ ఆపగానే అది పోదు.

కనెక్షన్ సరిగ్గానే ఉంటే అసలు విషయం ఇది. మోటారులో టార్క్ పుట్టేది ఫ్లక్స్ (వైండింగ్ పుట్టించే అయస్కాంత క్షేత్రం), కరెంటు రెండూ కలిస్తే. ఆ ఫ్లక్స్ వోల్టేజి ఒక్కదాని మీద ఆధారపడదు, వోల్టేజిని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే వచ్చే విలువ మీద ఆధారపడుతుంది. 415 వోల్టులు, 50 హెర్ట్జ్ మోటారుకి అది హెర్ట్జ్‌కి 8.3 వోల్టులు. 25 హెర్ట్జ్‌లో నడిపితే డ్రైవు సుమారు 207 వోల్టులు ఇస్తుంది. వోల్టేజి సగమైనా ఫ్లక్స్ తగ్గదు, కాబట్టి టార్క్ కూడా తగ్గదు. 7.5 కిలోవాట్, 1440 ఆర్‌పీఎం మోటారు పూర్తి టార్క్ దాదాపు 50 న్యూటన్ మీటర్లు. 25 హెర్ట్జ్‌లోనూ అది అంతే ఇవ్వగలదు, సగమయ్యేది పవర్ మాత్రమే.

మరి డ్రైవులో బూస్ట్ అనే సెట్టింగు ఎందుకు ఉందంటే, వైండింగ్ రాగికి కొంత రెసిస్టెన్స్ ఉంటుంది. ఈ సైజు మోటారులో ఫుల్ లోడ్ కరెంటు దగ్గర దానికి 15 నుంచి 20 వోల్టులు పోతాయనుకోండి. 50 హెర్ట్జ్‌లో 415లో అది లెక్కలోకి రాదు. 5 హెర్ట్జ్‌లో డ్రైవు ఇచ్చేదే 41 వోల్టులు, అందులో దాదాపు సగం రాగికే పోతే ఫ్లక్స్‌కి మిగిలేదేముంది? ఆ లోటు పూడ్చడానికే బూస్ట్. లోటు పూడాక కూడా పెంచుతూ పోతే ఇనుము సాచురేట్ అవుతుంది. ఆపైన ఫ్లక్స్ పెద్దగా పెరగదు, కరెంటు మాత్రం పెరిగిపోతుంది. మీ ట్రిప్‌లో ఒక భాగం ఇదే.

బూస్ట్ ఎంత ఉండాలో తేల్చడానికి నేను చేసే పని చాలా సులువు. బెల్టు తీసేసి మోటారుని ఖాళీగా 50 హెర్ట్జ్‌లో తిప్పి డ్రైవు డిస్‌ప్లేలో కరెంటు చూస్తాను. మీ మోటారుకి ఐదారు ఆంపియర్లు రావచ్చు. తర్వాత 5 హెర్ట్జ్‌లో తిప్పి చూస్తాను. రెండు చోట్లా దాదాపు ఒకటే ఉండాలి. 5 హెర్ట్జ్‌లో బాగా ఎక్కువ వస్తే బూస్ట్ ఎక్కువైనట్టు, బాగా తక్కువైతే చాలనట్టు. డ్రైవు అవుట్‌పుట్ వోల్టేజిని మామూలు మల్టీమీటరుతో కొలవకండి. లోపల ఐజీబీటీలు అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు సెకనుకి వేల సార్లు ఆన్, ఆఫ్ అవుతూ ఆ వోల్టేజిని తయారు చేస్తాయి, మామూలు మీటరు దాన్ని సరిగ్గా చదవలేదు.

ఇక స్టార్ట్ ఫ్రీక్వెన్సీ. ఎక్కువ హెర్ట్జ్ ఇస్తే ఎక్కువ బలం అని చాలామంది అనుకుంటారు. ఇది తిరగబడిన ఆలోచన. మీ మోటారు 50 హెర్ట్జ్‌లో 1500 బదులు 1440 తిరుగుతుంది, ఆ 60 ఆర్‌పీఎం తేడానే స్లిప్ అంటారు. నాలుగు పోల్ మోటారులో 60 ఆర్‌పీఎం అంటే 2 హెర్ట్జ్. ఫ్లక్స్ సరిగ్గా ఉంటే షాఫ్ట్ ఇంకా కదలకముందే, 2 హెర్ట్జ్ దగ్గరే పూర్తి టార్క్ వస్తుంది. 3 హెర్ట్జ్ దగ్గర సుమారు ఒకటిన్నర రెట్లు. షాఫ్ట్ నిలబడి ఉండగా ఒకేసారి 8 హెర్ట్జ్ ఇస్తే స్లిప్ అంతా 8 హెర్ట్జే, కరెంటు డ్రైవు పరిమితి దాటేసి ట్రిప్ అవుతుంది. బరువు లాగే ఎద్దుని కొరడాతో కొట్టి పరుగెత్తించబోతే బండి కదలదు, మెల్లగా మెడ బిగించనివ్వాలి. స్టార్ట్ ఫ్రీక్వెన్సీ 1 హెర్ట్జ్‌కి తగ్గించండి, యాక్సిలరేషన్ టైమ్ 15 సెకన్లకి పెంచి చూడండి.

మీ మిల్లు మనిషి "స్టార్టరు ఉన్నప్పుడు లేచేది కదా" అని తప్పకుండా అంటాడు. స్టార్టరు డెల్టాలోకి మారాక మోటారు డైరెక్ట్‌గా లైను మీదే ఉంటుంది, అప్పటికీ కదలకుండా ఉంటే ఆరేడు రెట్ల కరెంటు, అంటే 90 ఆంపియర్ల దాకా లైను నుంచి లాగుతుంది. డ్రైవు అంత ఇవ్వదు. హెవీ డ్యూటీ రేటింగ్ ఉన్నది సాధారణంగా నిమిషం పాటు 150 శాతం ఇస్తుంది, పంపులు, ఫ్యాన్ల కోసం చేసిన నార్మల్ డ్యూటీది 110 నుంచి 120 శాతంతో సరి. షాపులో "10 హెచ్‌పీ డ్రైవు" అని అడిగితే చవకగా దొరికేది నార్మల్ డ్యూటీదే. వడ్లు నిండిన ఎలివేటరుకి అది చాలదు. స్టిక్కర్ మీద రెండు రేటింగులూ ఉంటాయి, చూసుకోండి. మీది నార్మల్ డ్యూటీ అయితే ఒక సైజు పెద్దది తీసుకోవడమే దారి. ఏ పారామీటరూ దాన్ని మార్చలేదు.

డ్రైవులో వెక్టర్ మోడ్ ఉంటే మాత్రం అది వాడండి. జర్మనీలో సీమెన్స్ ఇంజనీరు ఫెలిక్స్ బ్లాష్కే 1970ల మొదట్లో ముందుకు తెచ్చిన పద్ధతి ఇది. మోటారు కరెంటుని ఫ్లక్స్ తయారుచేసే భాగంగా, టార్క్ తయారుచేసే భాగంగా విడదీసి, రెండిటినీ వేరువేరుగా నడుపుతుంది. అప్పుడు బూస్ట్ గురించి మీరు ఆలోచించక్కర్లేదు. కానీ నేమ్ ప్లేట్ మీది కిలోవాట్, ఆంపియర్, ఆర్‌పీఎం కచ్చితంగా ఎక్కించి, మోటారు చల్లగా ఉన్నప్పుడు ఆటో ట్యూన్ (డ్రైవు తానే మోటారుని కొలుచుకునే పని) చేయాలి. ఇది చేయకుండా వెక్టర్ మోడ్ పెడితే మామూలు మోడ్ కన్నా అధ్వానంగా నడుస్తుంది.

మన దగ్గర ఇంకొకటుంది. పల్లె ఫీడర్ చివర సాయంత్రం 360 వోల్టులే వస్తే డ్రైవు కూడా అంతకన్నా ఎక్కువ ఇవ్వలేదు. 43 హెర్ట్జ్ దాటాక ఫ్లక్స్ పల్చబడుతుంది, కరెంటు పెరుగుతుంది. ట్రిప్ స్టార్టింగ్‌లో కాకుండా ఫుల్ స్పీడులో వస్తే ఇన్‌కమింగ్ వోల్టేజి చూడండి.

ముందు కనెక్షన్, తర్వాత స్టిక్కర్ మీది రేటింగ్, ఖాళీగా 5 హెర్ట్జ్, 50 హెర్ట్జ్ కరెంట్లు చూసి ఇక్కడే కామెంట్‌లో రాయండి. మోడల్ ఏదో కూడా చెబితే ఏ పారామీటరు ఎంత పెట్టాలో చెబుతాను.