పిల్లల దవడలో తిత్తి: పన్ను దక్కించుకోవడం ఎలా

అమ్మా సుధా,

పిల్లల దవడలో తిత్తి కనపడగానే మొత్తం ఒలిచి తీసేయబోకు. దాని లోపల ఇరుక్కున్నది ఇంకా రావాల్సిన పన్ను. దాన్ని దక్కించుకోవడమే మన మొదటి పని.

పన్ను వచ్చే చోట చిగురు నీలంగా ఉబ్బితే అది ఎరప్షన్ సిస్టు. చాలావరకు దానంతటదే పగులుతుంది, కత్తి పెట్టకు.

ఎముక లోపలిదైతే ఓపీజీ (రెండు దవడలూ ఒకేసారి కనపడే ఎక్స్‌రే) తీయించు. రాని పన్ను మెడను పట్టుకుని దాని తల చుట్టూ నల్లటి నీడ ఉంటే డెంటిజెరస్ సిస్టు, అంటే రాని పన్ను తల చుట్టూ కట్టే తిత్తి అనుకో. తల చుట్టూ ఖాళీ 5 మిల్లీమీటర్లు దాటితే అనుమానించు. పైనున్న పాలపన్ను పుచ్చిందేమో కూడా చూడు. కింది రెండో పాలదవడ పన్ను చీము, దాని అడుగున ఉన్న ప్రీమోలార్‌ (ఆ పాలపన్ను చోట వచ్చే శాశ్వత పన్ను) మొగ్గకు పాకి ఇలాంటి తిత్తి కట్టడం తరచూ ఉండేదే.

కోయబోయే ముందు 18 గేజి సూదితో లాగి చూడు. ఎండుగడ్డి రంగు నీరు వస్తే ముందుకెళ్లు. తెల్లగా మీగడలా వస్తే కెరటోసిస్టు, అంటే తీసేసినా మళ్లీ వచ్చే రకం తిత్తి కావచ్చు. ఎర్రటి రక్తం సిరంజిని తోసుకుంటూ వస్తే అక్కడితో ఆపెయ్, అది రక్తనాళాల గడ్డయితే తెరవడం ప్రాణం మీదికి తెస్తుంది.

తిమ్మిరి మందు లిగ్నోకైన్ మోతాదు బరువును బట్టి లెక్కగట్టు: కిలోకు 4.4 మిల్లీగ్రాములు మించకూడదు. 20 కిలోల బిడ్డకు 2 శాతం మందు 4.4 మిల్లీలీటర్లే.

పాలపన్ను తీసి, ఆ గుంతలోంచే తిత్తికి వెడల్పుగా కిటికీ తెరువు. కోసిన గోడ ముక్కను తప్పకుండా బయాప్సీకి పంపు, యూనిసిస్టిక్ అమెలోబ్లాస్టోమా అనే దవడ కంతి ఎక్స్‌రేలో అచ్చం ఇలాగే ఉంటుంది. లోపల క్యూరెట్‌తో (గీకే చెంచాలాంటి పనిముట్టుతో) గీకితే పన్ను మొగ్గ కదిలిపోతుంది, ముట్టుకోకు. అయడోఫాం మందు పట్టించిన గాజుగుడ్డ ఒకటే పొడవు పట్టీగా పెట్టు, ముక్కలైతే ఒకటి లోపలే ఉండిపోతుంది.

గాజుగుడ్డ తీశాక కిటికీ మూసుకుపోకుండా అక్రిలిక్ (గట్టి ప్లాస్టిక్) బిరడా చేయించు. ఎక్కువగా చెడేది ఇక్కడే. నాలుగు రోజులు బిరడా పెట్టకపోతే కిటికీ మూసుకుపోయి తిత్తి మళ్లీ నిండుతుంది. తిన్న ప్రతిసారీ సెలైన్‌తో కడగడం తల్లి చేత నీ ఎదుటే చేయించు. గుంత పూడేకొద్దీ బిరడా కొస అరగదియ్యి, లేకపోతే పైకొస్తున్న పన్నుకు అదే అడ్డం పడుతుంది. మూడు నెలలకోసారి ఎక్స్‌రే చూడు. వేరు పూర్తికాని పన్ను చాలాసార్లు తనంతట తానే వస్తుంది. కదలకపోతే పళ్లను సరిచేసే ఆర్థోడాంటిస్టును పిలువు.

రిపోర్టులో కెరటోసిస్టు అని వస్తే ఈ లెక్కంతా మారుతుంది, ఏళ్ల తరబడి చూస్తూ ఉండాలి. ఒకటికి మించి ఉంటే అరచేతుల్లో సన్నటి గుంటలు వెతుకు, పక్కటెముకలకు ఎక్స్‌రే తీయించు. ఇవి గోర్లిన్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బు గుర్తులు. అది తొలిసారి బయటపడేది చాలామందిలో దంతవైద్యుల దగ్గరే.